రెండవసారి నడక నేర్చుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. శ్రీనాథుని గూర్చియో, పలనాటి వీరచరిత్రను గూర్చియో చెప్పుదునని వారు తలంచియుందురు. నేను గురుముఖమున చదివినవాడను గాను. పగలు పద్దులు వ్రాసికొనుచు, రాత్రులందు ఈ గ్రంథాలయపు పుస్తకములను ముందు పెట్టుకొని, నిఘంటువు సాయమున భారత భాగవతములను చదువుకొన్నవాడను. అట్టివాడు పండితుల యెదుట కావ్యచర్చకు దిగుట సాహసము. కావున ఈ యూరికి వెంటనే పనికివచ్చు విషయము నొకదానిని ఎన్నుకొంటిని. పక్షవాతము వచ్చినవారు మరల నడక నేర్చుట యెట్లు? ఆ నడక నేర్పుటలో ఫిజియోథెరపీ శాస్త్రము ఉపయోగించుచున్న బయోఫీడ్‌బ్యాక్ అను ఉపాయమెట్టిది? అందులో రొంపిచెర్ల వంటి పల్లెకు అందునదెంత? ఇవియే నా ప్రసంగ విషయములు. నేను వైద్యుడను గాను. చదివి తెలిసికొన్నదానిని లెక్క తప్పకుండ మీకు అప్పగించుటయే నా పని.

ఇట్టి శుభకార్యమున రోగము మాట యేల యని మీరు అడుగవచ్చును. ఏటేట గ్రంథాలయపు జమాఖర్చులు చూచుట నా వంతు. అప్పుడు పుస్తకములిచ్చు రిజిస్టరును కూడ తిరుగవేయుదును. వారము తప్పక పుస్తకము తీసికొనిపోవు చందాదారుని పేరు కొన్నియెడల హఠాత్తుగా ఆగిపోవును. చందా మాత్రము ఇంటివారు కట్టుచునే యుందురు. విచారించినచో కొందరు ఊరు విడిచిరి, కొందరు లోకమునే విడిచిరి. కొందరు మాత్రము పక్షవాతము వచ్చి ఇంటనే యున్నారని తెలియును. వారి కన్నులు బాగుగనే యున్నవి. చదువవలెనను కోరికయు నున్నది. వారి అరుగునకును మన పఠనమందిరమునకును నడుమనున్న దారియే వారికి దాటరాని యేరైనది. గతించినవారి ఖాతా ముగిసినది. వీరి ఖాతా ముగియలేదు, నిలిచిపోయినది. నిలిచిపోయిన ఖాతాను కదలించు మార్గముండగా మనము చూచుచు నూరకుండుట న్యాయము గాదు.

మొదట రోగమును గూర్చి క్లుప్తముగా మనవి చేసెదను. మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము మూసికొనిపోవుటచేతగాని, పగిలిపోవుటచేతగాని మెదడులో కొంత భాగము చెడుటవలన పక్షవాతము కలుగును. నాళము మూసికొనిపోవుటయే యెక్కువమందికి జరుగునది. ఎడమ మెదడు దెబ్బతినిన కుడి కాలుసేతులును, కుడి మెదడు దెబ్బతినిన ఎడమ కాలుసేతులును పట్టు తప్పును. ఏలన, మెదడు ఆజ్ఞలను కొనిపోవు నరములలో అధికభాగము మెదడు క్రిందిభాగమున దారి మార్చుకొని రెండవ వైపునకు పోవును. ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. కాలి యెముక విరుగలేదు; కండ తెగలేదు. మొదట చెడినది కాలు గాదు. కాలికిని మెదడునకును నడుమ జరుగవలసిన రాకపోకలు.

ఆ రాకపోకలు రెండు విధములు. మెదడునుండి కాలికి పోవునది ఆజ్ఞ. కాలినుండి మెదడునకు వచ్చునది వేగు. పూర్వము రాజులకు వేగులవారుండి నలుమూలల సమాచారమును తెచ్చి చెప్పెడివారు. అట్లే మన పాదమునుండి, కీళ్ళనుండి, కండలనుండి నిరంతరము మెదడునకు వేగు వచ్చుచుండును. కన్నులు మూసికొనినను మన పాదమెక్కడ నున్నదో, మోకాలు వంగియున్నదో లేదో మనకు తెలియుచున్నది గదా! చీకటిలో మెట్లు దిగగలుగుట ఈ వేగు మహిమయే. పక్షవాతము వచ్చిన పెక్కుమందికి ఆజ్ఞ బలహీనమగుటయేగాక వేగు కూడ మందగించును. అప్పుడు పాదము నేలను సరిగా తాకినదో లేదో, బరువు దానిపై పడినదో లేదో అతనికి తెలియదు.

దీని ఫలితమును మీరందరును వీధిలో చూచియే యున్నారు. పిక్కకు ముందు వైపున, ముంగాలి యెముక ప్రక్కనుండు కండ పాదమును పైకెత్తునది. అది పనిచేయకున్న మునివ్రేళ్ళు నేలను రాచుకొనును. రాచుకొనకుండుటకై అతడు కాలిని కొడవలివలె ప్రక్కకు త్రిప్పి విసరును. మోకాలు వెనుకకు బిగిసికొనిపోవును. బరువంతయు మంచి కాలిపై నిలిపి, చెడిన కాలిపై క్షణకాలమైనను నిలువక తొందరగా దాటివేయును. కొంతకాలమునకు అదియే అలవాటగును. “తిన్నగా నిలిచితివా?” యని యడిగిన “తిన్నగనే నిలిచితిని” అని నిజముగానే నమ్మి చెప్పును. చిట్టా వ్రాయని అంగడివాడు లాభము వచ్చుచున్నదని నమ్మినట్లే యిదియును. అతనిది అబద్ధము గాదు. అతనికి లెక్క అందుటలేదు.

ఆ లెక్క అందించుటయే బయోఫీడ్‌బ్యాక్. దేహములో జరుగుచుండియు దేహికి తెలియని దానిని యంత్రముతో కొలిచి, ఆ క్షణముననే వెలుగుగానో, చప్పుడుగానో, గీతగానో, అంకెగానో అతనికి తెలుపుట దీని సారము. తెలిసికొనినవాడు తన ప్రయత్నమును తానే దిద్దుకొనును. ఈ యంత్రము కాలిని లాగదు, నెట్టదు. దేహములోనికి విద్యుత్తును పంపదు. విద్యుత్తు పంపి కండను కదలించు చికిత్స వేరు. ఇది వార్త చెప్పునదే గాని పని చేయునది గాదు. పని రోగిదే.

దీని చరిత్రను కొంత చెప్పెదను. కండ కదలునపుడు దానిలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. వోల్టును పదిలక్షల భాగములు చేసిన నందొక భాగమును మైక్రోవోల్టు అందురు. బలహీనమైన కండలో పుట్టునది కొన్ని మైక్రోవోల్టులు మాత్రమే. కంటికి కదలిక కనబడని కండలో సైతము ఈ విద్యుత్తు ఉండవచ్చును. దానిని పెద్దది చేసి చూపు సాధనముతో పక్షవాత రోగులకు కండలను మరల పని నేర్పవచ్చునని 1960లో అమెరికా వైద్యులు మారినాచీ, హొరాండే అనువారు వ్రాసిరి. 1963లో జాన్ బాస్మాజియన్ అను శరీరశాస్త్రజ్ఞుడు మరియొక వింతను ప్రకటించెను. ఈయన 1921లో కాన్‌స్టాంటినోపిలులో ఆర్మీనియను కుటుంబమున పుట్టి, కెనడా దేశమున పెరిగి, అచటనే ఆచార్యుడైనవాడు. బొటనవ్రేలి కండలో సన్నని తీగ నుంచి, దానిలోని విద్యుత్తును మనుష్యులకు కన్నులకు చూపి, చెవులకు వినిపించెను. ఇంతకుమున్ను ఎవ్వరును తమ వశమున నుండునని యెరుగని ఒక్కొక్క నరపు తంతువును, దాని క్రిందనున్న కొలది కండపోగులను వారు తమ యిచ్చవచ్చినట్లు పలికింప నేర్చిరి. కొందరు డప్పు దరువువలె కూడ పలికించిరట! వినబడనంతవరకు ఎవ్వరి వశమున లేనిది, వినబడినంతనే వశమైనది. బయోఫీడ్‌బ్యాక్ అను పేరు 1969 నుండి వ్యాప్తిలోనికి వచ్చెను.

1975లో బాస్మాజియన్, ఆయన సహచరులు పాదము వ్రేలాడు పక్షవాత రోగులపై జరిపిన పరిశీలనను వెల్లడించిరి. రోగులు 20 మంది. వారికి పక్షవాతము వచ్చి కనీసము మూడు నెలలు గడచినది. ఒక వర్గమువారు ప్రతిసారి 40 నిమిషములు మామూలు వ్యాయామము చేసిరి. రెండవ వర్గమువారు 20 నిమిషములు వ్యాయామము, 20 నిమిషములు బయోఫీడ్‌బ్యాక్ అభ్యాసము చేసిరి. వారమునకు మూడుసార్లు, ఐదు వారములు. పాదము నెత్తు బలమునందును, ఎత్తు మేరయందును రెండవ వర్గమువారికి కలిగిన లాభము మొదటివారికంటె దాదాపు రెండింతలు. మొత్తము కాలము సమానమే. కాని సగము కాలము చిట్టా చూచుకొనుచు చేసిరి. లెక్కలవాడనగుటచే ఈ సంగతి నాకు మిక్కిలి నచ్చినది.

నేడు చికిత్సాలయములలో ఇది నాలుగు తెరగుల జరుగును. మొదటిది, ముంగాలి కండపై బిళ్ళలంటించి, దాని విద్యుత్తును తెరపై గీతగానో, చప్పుడుగానో తెలుపుట. పాదమెత్తుటకు యత్నించిన గీత లేచును. యత్నము సడలిన గీత దిగును. రెండవది, ఒక్కొక్క పాదము క్రింద ఒక్కొక్క పలక నుంచి, ఏ కాలిపై ఎంత బరువు పడుచున్నదో తెరపై చూపుట. మూడవది, మోకాలికి కోణము కొలుచు సాధనమును కట్టి, అది వెనుకకు బిగిసిన క్షణముననే చప్పుడు చేయుట. నాలుగవది, చెప్పులలో మీట అమర్చిగాని, కదలు పట్టీపై నడిపించిగాని, మడమ ముందు తాకినదా, అడుగు ఎంత దూరము పడినది అను సంగతులను తెలుపుట. ఏది యెవరికి తగునో నిర్ణయింపవలసినవాడు ఫిజియోథెరపిస్టు.

ఇక ఈ వార్త ఎట్లుండవలెనో చెప్పుటకు భారతము నాకు తోడ్పడినది. కన్నులు లేని ధృతరాష్ట్రునకు యుద్ధవార్త చెప్పినవాడు సంజయుడు. పక్షవాత రోగి మెదడు ధృతరాష్ట్రుని వంటిది; యంత్రము సంజయుని వంటిది. కాని పదియవ దినమున భీష్ముడు పడిపోయిన పిదప సంజయుడు హస్తినకు వచ్చి ఆ మాట చెప్పెను. పడిపోయిన తరువాత వచ్చిన వార్త దుఃఖమునకేగాని దిద్దుబాటునకు పనికిరాదు. కావున మొదటి నియమము: వార్త అడుగు పడిన క్షణముననే రావలెను. సాయంకాలము “నీవు ఉదయము కుంటితివి” అని చెప్పిన ప్రయోజనము స్వల్పము.

రెండవ నియమము: ఒకసారి ఒక్క సంగతియే చెప్పవలెను. “తల యెత్తుము, మోకాలు వంచుము, మడమ తాకించుము, చేయి వ్రేలాడనీకుము” అని నలుగురు నాలుగు వైపులనుండి కేకలు వేసిన రోగి నిలుచున్నచోటనే తికమకపడును. ఈ వారము మడమ, వచ్చు వారము మోకాలు. మూడవ నియమము: వార్తను క్రమక్రమముగా తగ్గింపవలెను. ఎల్లప్పుడును తెర చూచుచు నడచువాడు తెర తీసివేయగానే మరల మొదటికి వచ్చును. చంటిబిడ్డను నడిపించు తల్లి మొదట చేయి పట్టుకొనును. పిదప వ్రేలు మాత్రమే అందించును. తుదకు వ్రేలును విడిచి వెనుక నడచును. యంత్రమును అట్లే విడువవలెను. వెలుపలి వేగు చూచి చూచి లోపలి వేగు మేలుకొనుట పరమార్థము. నాల్గవ నియమము అన్నిటికంటె ముఖ్యము. ధృతరాష్ట్రుడు అన్నియు విన్నాడు, దిద్దుకొన్నది లేదు. హితము వినియు ఆచరింపనివానికి పదుగురు సంజయులున్నను ఫలములేదు. వేలకొలది అడుగులు వేసినగాని నడక రాదు. యంత్రము ఆ అడుగులను వ్యర్థము కానీయకుండ చేయును, అంతియే.

ఇంత చెప్పి, దీనివలన కలుగు లాభమెంతో చెప్పకున్న అది దొంగలెక్క యగును. కండ విద్యుత్తును చూపు పద్ధతిని గూర్చి జరిగిన పరీక్షలన్నిటిని 2007లో కొక్రేన్ సంస్థవారు సమీక్షించిరి. కొంత మేలున్నట్లు తోచుచున్నను పరీక్షలు చిన్నవి, కావున అందరికిని మామూలు చికిత్సగా చేయుమని చెప్పజాలమనిరి. పిదప 2011లోను, 2017లోను ఆస్ట్రేలియా పరిశోధకులు నిలుచుట, నడచుట మొదలైన కాలి పనుల విషయమున అన్ని తెరగుల బయోఫీడ్‌బ్యాక్‌ను కలిపి సమీక్షించి, మామూలు చికిత్సకంటె దీనివలన ఎక్కువ మేలు కనబడినదని తేల్చిరి. ఇది మంత్రము గాదు, మాయ గాదు. సరియైన అభ్యాసమునకు తోడైనపుడు గుణమిచ్చు సాధనము. “మా యంత్రము పెట్టిన పదిదినములలో పరుగెత్తుదురు” అని యెవరైన చెప్పిన నమ్మకుడు.

మన దేశమున జరిగిన గొప్ప పరీక్ష యొకటి కలదు. పక్షవాతము వచ్చినవారికి ఇంటివారే వ్యాయామము చేయించునట్లు నేర్పి పంపినచో ఎట్లుండునని 14 భారతీయ ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో పరీక్షించిరి. ఫలితమును 2017లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆరు నెలలకు మరణించినవారో, ఇతరులపై ఆధారపడినవారో రెండు వర్గములలోను నూటికి 47 మందియే. ఇంటివారి శ్రమవలన అదనపు మేలు కనబడలేదు. దీనిని చదివి నేను నిరుత్సాహపడలేదు. ప్రేమ యొక్కటియే చాలదు. శిక్షణ పొందినవాని పర్యవేక్షణము, తగినంత అభ్యాసము, సరియైన లెక్క కావలెనని నాకు బోధపడినది. ఇంటివారు సంజయులు కావచ్చును గాని వైద్యులు కాజాలరు.

ఇప్పుడు మన కర్తవ్యమును గూర్చి చెప్పెదను. నడకకంటె ముందు ప్రాణము. మూతి ఒక ప్రక్కకు జారుట, చేయి యెత్తిన నిలువక వ్రాలుట, మాట ముద్దయగుట — వీనిలో ఏ యొక్కటి హఠాత్తుగా కనబడినను అది మొదలైన గంట యెంతో గుర్తుంచుకొని, వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆ సేవ 2005 ఆగస్టు 15న మన తెలుగు దేశముననే ఆరంభమైనది. గడ్డకట్టిన నెత్తురును కరగించు మందు పక్షవాతము మొదలైన 4½ గంటలలోపల, సి.టి. స్కాను తీసి చూచిన పిమ్మట, తగిన రోగికి ఇయ్యవలెను. 4½ గంటలనగా మన పూర్వుల లెక్కలో పదకొండుంబావు గడియలు. రొంపిచెర్లనుండి నరసరావుపేటకో, గుంటూరునకో పోవుకాలము, స్కాను కాలము దీనిలోనివే. పసరు పోయుటకును, పావురపు నెత్తురు పూయుటకును, “తెల్లవారనిమ్ము చూతము” అనుటకును ఈ గడియలలో చోటు లేదు. మ్రింగుడు సరిగానున్నదో లేదో వైద్యులు చూచువరకు నీళ్ళుగాని, మాత్రగాని నోట పోయరాదు. అన్నిటికంటె ముందు రక్తపు పోటును అదుపులో నుంచుకొని, చుట్ట బీడీలను మాని, ఊరగాయలలోని ఉప్పునకు వెనుదీసినవానికి ఈ ప్రసంగమే అక్కరలేకపోవచ్చును.

ప్రమాదము గడచిన పిదప అభ్యాసము. తొందర యెక్కువైనను కీడే. మొదటి 24 గంటలలోనే రోగిని మాటిమాటికి లేపి నడిపించుట మేలుకంటె కీడు చేయవచ్చునని 2015లో వెలువడిన పెద్ద పరీక్ష తెలిపినది. వైద్యులు అనుమతించిన దినమునుండి అశ్రద్ధ చేయరాదు. మొదటి మూడు నెలలలో గుణము వేగముగా కనబడును. అట్లని ఆరు నెలలు దాటిన తలుపు మూసికొనిపోవునను మాట నిజము గాదు. ఏండ్లు గడచినవారికిని అభ్యాసమువలన నడక మెరుగగును. ఆలస్యమైనదని మంచమున విడిచిపెట్టినవారి యింటివారు ఈ మాటను ప్రత్యేకముగా వినవలెను.

పెద్ద యంత్రములు మన పల్లెలో లేవు. కాని వాని సూత్రమును మనము చిన్న సాధనములతో పాటింపవచ్చును. ఫిజియోథెరపిస్టును ఒకసారి చూపించి, “దీనిని మేము చేయవచ్చునా?” యని అడిగిన పిమ్మటనే చేయవలెను. ఆయన పట్టమును కూడ అడిగి తెలిసికొనుట తప్పుగాదు.

మొదటి సాధనము మనుష్యులు నిలిచి బరువు చూచుకొను తూకపు యంత్రములు రెండు. రెండును ఒకే యెత్తువి కావలెను. గట్టి నేలపై ప్రక్కప్రక్కనే ఉంచి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క పాదము మోపి నిలువవలెను. ముందు పట్టుకొనుటకు బల్ల, వెనుక కుర్చీ, బలహీనమైన ప్రక్కన ఒక మనిషి తప్పక ఉండవలెను. 60 కిలోల మనిషికి మంచి కాలి క్రింద 43, చెడిన కాలి క్రింద 17 చూపినవనుకొనుడు. “తిన్నగనే నిలిచితిని” అన్నవానికి ఇంతకంటె మర్యాదగా సత్యము చెప్పువాడు వేరొకడు లేడు. తల వంచి అంకెలు చూచిన తూలిపడునుగావున మనుమడో, మనుమరాలో అంకెను చదివి చెప్పవలెను. 17 కొంతకాలమునకు 20 అగును. పిదప 24 అగును. కొంత అలవాటైన పిమ్మట రోగియే ముందు “ఇప్పుడు 22 ఉండును” అని చెప్పవలెను. అటుపిమ్మట అంకె చూడవలెను. అతని ఊహయు, అంకెయు దగ్గరపడుచున్న కొలది లోపలి వేగు మేలుకొనుచున్నదని తెలియవచ్చును.

రెండవది నిలువుటద్దము. దానిపై పైనుండి క్రిందికి తిన్నని గీత గీసిన దేహము ఏ వైపునకు ఒరిగినదో రోగికే కనబడును. మూడవది చెవి. మడమ ముందు తాకిన చప్పుడు వేరు, మునివ్రేళ్ళు ఈడ్చిన రాపిడి వేరు. నిశ్శబ్దముగానున్న వసారాలో తన అడుగుల చప్పుడును తాను వినుచు నడచువానికి కానిఖర్చు లేని బయోఫీడ్‌బ్యాక్ దొరకినట్లే. నాల్గవది తాళము. ఇది వార్త గాదు, ముందుగా ఇచ్చు సంజ్ఞ. అయినను దీని మేలు గొప్పది. తాళమునకు అడుగు కలిపి నడచిన పక్షవాత రోగులకు నడక వేగము, అడుగు పొడవు పెరుగుట కలదని 1997లో మైకేల్ థాట్, ఆయన సహచరులు చూపిరి. మన భజన గోష్ఠులలోని చిడతలు ఈ పనికి చాలును. తాళము రోగి నడకకు తగినట్లు మెల్లగా మొదలుకావలెను.

ఐదవది లెక్క పుస్తకము. 10 మీటర్ల దూరమును సున్నముతో గుర్తుపెట్టి, దానిని నడచుటకు పట్టిన సెకనులను వారమున కొకసారి వ్రాయవలెను. గుర్తునకు రెండడుగులు ముందే నడక మొదలిడి, రెండవ గుర్తు దాటినవెనుక ఆగవలెను. పక్షవాత రోగుల నడకను పరిశీలించి 1995లో జాక్వెలిన్ పెర్రీ, ఆమె సహచరులు ఒక కొలమానమును తెలిపిరి. దాని ప్రకారము 10 మీటర్లకు 25 సెకనులకు మించి పట్టినవారి నడక చాలవరకు ఇంటిలోపలికే పరిమితము. 12½ సెకనులలోపల నడచువారు వీధులలో, అంగళ్ళలో చాలవరకు స్వేచ్ఛగా తిరుగగలరు. 40 సెకనులు 32 అయిన దినమున ఇంటివారికి కంటికి భేదము కనబడకపోవచ్చును, పుస్తకము చెప్పును. ఆ అంకె రోగికి కలిగించు ధైర్యము మన ఓదార్పు మాటలకంటె గట్టిది.

కొన్ని జాగ్రత్తలు. నడిపించునపుడు బలహీనమైన చేతిని పట్టి లాగరాదు; భుజపు కీలు జారును. తడి నేలపై, జారు చెప్పులతో నడిపింపరాదు. తల తిరిగినను, గుండెలో నొప్పి వచ్చినను, ఆయాసము హెచ్చినను వెంటనే కూర్చుండబెట్టి వైద్యునకు తెలుపవలెను. వైద్యులిచ్చిన మందులను నడక వచ్చినదని మానరాదు.

తుదకు మన గ్రంథాలయమునకు ఒక మనవి. 1935లో పాతూరి నాగభూషణముగారు మన పాత గుంటూరు జిల్లాలోని పెదపాలెములో పడవ గ్రంథాలయమును నడపిరి. పుస్తకములు కాలువ వెంట పడవపై పాఠకుల ఊళ్ళకు పోయెడివి. చదువరి రాలేకున్న గ్రంథాలయమే పోవలెనని ఆ పెద్దలు మనకు నేర్పిరి. ఆ మార్గముననే నేను నాలుగు కోరికలు కోరుచున్నాను. మంచమున నున్న చందాదారులకు వారమున కొకసారి విద్యార్థులచే పుస్తకములు పంపుట. మన మెట్ల ప్రక్కన పట్టుకొనుటకు ఇనుప కమ్మి పెట్టించుట. వసారాలో 10 మీటర్ల గుర్తు వేయించుట. తూకపు యంత్రములు రెండు కొని, పుస్తకములవలెనే సంతకము తీసికొని ఇండ్లకు ఎరువిచ్చుట. ఆ రెండింటి వెల ఒక చిన్న విందు ఖర్చునకు మించదు. రజతోత్సవపు మిగులు సొమ్ము వీనికి చాలునని పద్దు చూచినవాడనై చెప్పుచున్నాను.

ఊరివారికిని ఒక మాట. కాలీడ్చుచు వీధిలోనికి వచ్చినవానిని చూచి జాలిపడుటయు, వెక్కిరించుటయు రెండును అతనిని మరల ఇంటిలోనికి నెట్టును. పలుకరించి, దారి యిచ్చి, తన అడుగు తాను వేయనిండు. ఇంటివారు శివరాత్రికి కోటప్పకొండ యెక్కింతుమని మ్రొక్కుకొందురు. మంచిదే. దానికి ముందు అరుగు దాటుటకు, పిదప వీధి మలుపు దాటుటకు మ్రొక్కుకొనుడు. ఆ మ్రొక్కులను పుస్తకములో వ్రాసి తీర్చుకొనుడు. పెద్ద కొండ చిన్న అడుగులకే లొంగును.

తల్లి చేయి పట్టి నేర్పిన మొదటి నడక మనకెవ్వరికిని జ్ఞప్తి లేదు. రెండవసారి నేర్చువానికి ప్రతి అడుగును జ్ఞప్తియందుండును. ఆ అడుగులకు సరియైన లెక్క చెప్పువారమై మనము ప్రక్కన నిలిచిన చాలును. నాకు చదువు చెప్పిన ఈ గ్రంథాలయము కలకాలము వర్ధిల్లుగాక యని కోరుచు విరమించుచున్నాను.